మక్తబ్ నుంచి హైకోర్టు దాకా: జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీ

డిగ్రీ పూర్తి చేసిన పిల్లలున్న తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అబ్బాయి బి.కాం. చదివాడు, అమ్మాయి బి.ఎస్సీ. చదివింది, ఇప్పుడు న్యాయవాద వృత్తిలోకి వెళ్తామంటున్నారు, మా ఇంటా వంటా వకీళ్ళు లేరు, లా చదవని మా పిల్లల్ని ఆ రంగంలో ఎవరు చేర్చుకుంటారు అని వారి బెంగ. పిల్లలు బ్రిటన్‌లో ఉన్న కుటుంబాలకు ఈ బెంగ ఇంకో రూపంలో వస్తుంది. అక్కడి సొలిసిటర్ల ఆఫీసుల్లో శిక్షణ కోసం దరఖాస్తు పెట్టాలి. చదివిందేమో రసాయన శాస్త్రమో, చరిత్రో. పుట్టుకతోనే న్యాయశాస్త్రం నేర్చినట్టు కనిపించే తక్కిన అభ్యర్థుల మధ్య మన పిల్లవాడి కాగితం ఎవరు చూస్తారన్న దిగులు.

ఈ బెంగ కొత్తది కాదు. నూట డెబ్బై ఏళ్ళ క్రితం బొంబాయిలో ఒక ముస్లిం వ్యాపారి ఇంట్లో ఇదే ప్రశ్న పుట్టింది. ఆ ఇంటి పిల్లల్లో ఒకరు ఇంగ్లాండులో సొలిసిటరుగా నమోదైన తొలి భారతీయుడయ్యారు. ఆయన తమ్ముడు బొంబాయి హైకోర్టులో తొలి భారతీయ బారిస్టరు, అదే కోర్టులో తొలి ముస్లిం జడ్జి, భారత జాతీయ కాంగ్రెసుకు తొలి ముస్లిం అధ్యక్షుడు అయ్యారు. తమ్ముడి పేరు బద్రుద్దీన్ తయ్యబ్జీ. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఆ వాక్యం వెనుక ఉన్న అన్నగారి సంగతి, ఇంట్లో జరిగిన ఏర్పాటు సంగతి చాలామందికి తెలియదు.

బద్రుద్దీన్ 1844 అక్టోబరు 10న బొంబాయిలో జన్మించారు. తండ్రి ముల్లా తయ్యబ్ అలీ. సులైమానీ బోహ్రా వర్గానికి చెందినవారు. పూర్వికులు ఎప్పుడో అరబ్బు దేశం నుంచి వచ్చి గుజరాత్‌లోని ఖంభాత్ రేవులో స్థిరపడ్డారు. తయ్యబ్ అలీ కష్టపడి వ్యాపారం పెంచి బొంబాయిలో పేరు తెచ్చుకున్నారు. ఆయన కుమారుల పేర్లు చూస్తే ఉర్దూ తెలిసినవారికి ముచ్చటేస్తుంది. షమ్సుద్దీన్, ఖమరుద్దీన్, నజ్ముద్దీన్, బద్రుద్దీన్. ధర్మానికి సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం, నిండు చంద్రుడు. ఆకాశాన్నంతా ఇంట్లో పెట్టుకున్నారాయన. గుజరాతీ మాట్లాడే ఆ ఇంట్లో ఉర్దూను ఇంటి భాషగా చేసినదీ ఆయనే. కుటుంబ విశేషాలు రాసుకోవడానికి అఖ్బార్ పేరుతో పెద్ద పుస్తకాలు పెట్టి, ఇంటివారంతా, ఆడవారు సైతం, వాటిలో రాసే అలవాటు ఆ వంశంలో చాలాకాలం సాగింది.

ఇంగ్లీషు చదువంటే మన సమాజంలో ఎంత అనుమానం ఉండేదో పెద్దలకు చెప్పనక్కర్లేదు. పిల్లవాడు ఇంగ్లీషు బడికి పోతే దీన్ పోతుందన్న భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, మిషనరీ బడుల కాలమది. అటువంటి రోజుల్లో తయ్యబ్ అలీ కుమారులందరినీ ఒకరి తర్వాత ఒకరిని ఐరోపాకు పంపారు. అయితే ఒక విషయం గమనించాలి. ఇంగ్లీషుకు ముందు వారికి ధార్మిక విద్య, ఉర్దూ, ఫార్సీ చెప్పించారు. బద్రుద్దీన్ మొదట కూర్చున్నది దాదా మఖ్రా అనే వారి మదరసాలో. అక్కడ ఉర్దూ, ఫార్సీ నేర్చిన తర్వాతే ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చేరారు. మదరసాలో పాఠాలు చెప్పే మావంటివారికి ఈ వరుస నచ్చుతుందంటే ఆశ్చర్యం లేదు. కాని మా ఇష్టం కోసం చెప్పడం లేదు, ఆ భాషలు తర్వాత ఆయనకు కోర్టులోనూ సభల్లోనూ పనికివచ్చాయి.

ఇప్పుడు అన్నగారి సంగతి చెప్పుకోవాలి. బద్రుద్దీన్ కంటే ముందు ఖమరుద్దీన్ లండన్ వెళ్ళారు. ఆయన ఎంచుకున్నది సొలిసిటరు వృత్తి.

ఇంగ్లీషువారి పద్ధతిలో న్యాయవాద వృత్తి రెండు పాయలుగా ఉంటుంది. కక్షిదారుతో మాట్లాడి, దస్తావేజులు తయారుచేసి, నోటీసులిచ్చి, కేసును కట్టగట్టేవాడు సొలిసిటరు. ఆ కట్టను అందుకుని పెద్ద కోర్టులో నిలబడి వాదించేవాడు బారిస్టరు. ఆ రోజుల్లో కక్షిదారు నేరుగా బారిస్టరు గుమ్మం ఎక్కడానికి వీలుండేది కాదు. సొలిసిటరు ద్వారానే రావలసి ఉండేది. కోర్టులో గొంతు వినిపించేది బారిస్టరుదే అయినా, ఆ గొంతుకు పని ఇచ్చేది సొలిసిటరే. బొంబాయి పెద్ద కోర్టులోనూ ఇదే పద్ధతి ఉండేది.

సొలిసిటరు కావడానికి ఆ రోజుల్లో లా డిగ్రీ అక్కరలేదు. ఆ మాటకొస్తే ఏ డిగ్రీ అక్కరలేదు. నమోదైన ఒక సొలిసిటరుతో ఆర్టికల్స్ అనే ఒప్పందం రాసుకుని ఐదేళ్ళు ఆయన ఆఫీసులో గుమాస్తాగా పనిచేయాలి. యూనివర్సిటీ పట్టా ఉన్నవారికి మూడేళ్ళు చాలు. దస్తావేజులకు నకళ్ళు రాయడం, కాగితాలు మోయడం, కోర్టు ఆఫీసుల చుట్టూ తిరగడం, యజమాని కక్షిదారుతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వినడం, ఇదీ చదువు. చివర ఒక పరీక్ష. ఆ పరీక్ష కూడా 1836లోనే మొదలైంది. చదువు మార్గం ఇంత తెరిచి ఉన్నా ద్వారం మాత్రం ఇరుకే. ఆ ఒప్పందం కాగితానికి స్టాంపు సుంకమే 120 పౌండ్లు ఉండేది, 1853లో 80కి తగ్గించారు. అది ప్రభుత్వానికి కట్టేది. శిష్యుడిగా చేర్చుకున్నందుకు సొలిసిటరుకు వేరే రుసుము చెల్లించాలి. అన్నిటికీ మించి, చేర్చుకుంటానని ఒక సొలిసిటరు ఒప్పుకోవాలి. తెలిసినవాడి కొడుకైతే ఒప్పుకుంటాడు. ఎక్కడో బొంబాయి నుంచి వచ్చిన, వేరే మతం, వేరే రంగు ఉన్న కుర్రవాడినెందుకు చేర్చుకోవాలి?

ఖమరుద్దీన్‌కు ముందు ఏ భారతీయుడూ ఆ గుమ్మం దాటలేదన్నది గుర్తుపెట్టుకుంటే ఆయన చేసినదేమిటో అర్థమవుతుంది. ఇలా చేరాలని చెప్పేవారు లేరు, చేరి వచ్చినవారు లేరు. 1850 దశకం ముగిసేనాటికి ఆయన ఇంగ్లాండులో సొలిసిటరుగా నమోదై బొంబాయి తిరిగి వచ్చి పని ప్రారంభించారు. ఆయన్ను చూసే పదిహేనేళ్ళ బద్రుద్దీన్ బారిస్టరు కావాలని నిశ్చయించుకున్నారు. ఒక్క ఇంట్లో అన్న సొలిసిటరు, తమ్ముడు బారిస్టరు అయితే ఏమవుతుందో ఆ వ్యాపారి కుటుంబానికి తెలియకుండా ఉంటుందా? సరుకు తెచ్చేవాడూ, అమ్మేవాడూ ఒకే ఇంట్లో ఉన్నట్టు.

బద్రుద్దీన్‌కు చిన్నప్పటి నుంచీ కళ్ళ జబ్బు. చూపు సరిగా ఆనేది కాదు. ఎల్ఫిన్‌స్టన్ చదువు తర్వాత ఆయన్ను ముందు ఫ్రాన్సుకు పంపింది చదువు కోసం కాదు, కళ్ళ వైద్యం కోసం. అక్కడి నుంచి 1860లో లండన్ చేరి ఒక కాలేజీలో ప్రవేశించారు. వెళ్ళేటప్పుడు, భారతదేశంలో గవర్నర్ జనరల్‌గా పనిచేసి రిటైరై ఉన్న లార్డ్ ఎలెన్‌బరోకు పరిచయ లేఖలు వెంట ఉన్నాయి. అందరు పిల్లలకూ అటువంటి లేఖలు దొరకవు. తయ్యబ్ అలీకి డబ్బుంది, పరిచయాలున్నాయి. ఈ సంగతి దాచి, కేవలం పట్టుదలతోనే అంతా జరిగిందని రాస్తే అది జీవితచరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పరీక్ష నెగ్గి 1863లో మిడిల్ టెంపుల్‌లో చేరారు. బారిస్టర్లను తయారుచేసే నాలుగు పాత సంస్థల్లో అదొకటి. అక్కడి చదువు పద్ధతి వింటే ఇప్పటి పిల్లలు నమ్మరు. బారు పరీక్ష 1872 వరకు తప్పనిసరి కాదు. తప్పనిసరి అయినది భోజనం. ప్రతి టర్ములోనూ నిర్ణీతమైన సార్లు ఆ సంస్థ భోజనశాలలో అందరితో కూర్చుని రాత్రి విందు చేయాలి. బల్ల మీద వైన్ సీసాలు ఉంటాయి. తినేదేదో, తినకూడనిదేదో చూసుకోవలసిన ముస్లిం కుర్రవాడికి ఆ బల్ల దగ్గర కూర్చోవడమే ఒక పరీక్ష. పెద్దవాళ్ళ మధ్య కూర్చుంటే వృత్తి మర్యాద అబ్బుతుందని ఇంగ్లీషువారి నమ్మకం. మన ఉస్తాదుల సొహ్బత్ లాంటిదే అనుకోవాలి, వడ్డించే వస్తువుల్లో తేడా తప్ప.

ఏడాది తిరిగేసరికి కళ్ళు మళ్ళీ మొరాయించాయి. 1864 చివర్లో చదువు ఆపి బొంబాయి వచ్చేయవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ వయసు. సముద్రాలు దాటి, తండ్రి ధనం ఖర్చుపెట్టి వెళ్ళిన చదువు మధ్యలో ఆగింది. పుస్తకాలు చదవడమే పనైన వృత్తికి చూపు లేని మనిషి ఎలా పనికొస్తాడని ఎవరైనా అడిగి ఉంటే తప్పుపట్టలేం. ఆయన ఒక ఏడాది ఆగి, 1865 చివర్లో మళ్ళీ ఓడెక్కారు. 1867 ఏప్రిల్‌లో బారిస్టరు పట్టా పుచ్చుకున్నారు.

అదే ఏడాది, అదే మిడిల్ టెంపుల్ నుంచి ఒక బెంగాలీ యువకుడు కూడా బారిస్టరయ్యారు. ఆయన డబ్ల్యు.సి. బెనర్జీ. కలకత్తాలో ఒక ఇంగ్లీషు అటార్నీ ఆఫీసులో గుమాస్తాగా వృత్తి మొదలుపెట్టి, బొంబాయి పార్సీ దాతలైన జీజీభాయ్‌ల స్కాలర్‌షిప్పు మీద లండన్ చేరినవాడు. 1885లో కాంగ్రెసు మొదటి మహాసభకు ఈయన అధ్యక్షుడు, 1887లో మూడవ మహాసభకు బద్రుద్దీన్ అధ్యక్షుడు. ఒకరిని ఆ వృత్తిలోకి నడిపించింది గుమాస్తాగిరి, ఇంకొకరిని నడిపించింది సొలిసిటరైన అన్న. ఇద్దరి దారిలోనూ మొదటి మెట్టు సొలిసిటర్ల గది అన్నది మాకు విశేషంగా తోస్తుంది.

1867 డిసెంబరులో బద్రుద్దీన్ బొంబాయి హైకోర్టులో బారిస్టరుగా పేరు నమోదు చేసుకున్నారు. అప్పటికి ఆ కోర్టు ఏర్పడి ఐదేళ్ళు. బారిస్టర్లందరూ ఇంగ్లీషువారే. వారి మధ్య ఇరవై మూడేళ్ళ ఒక్క భారతీయుడు. పట్టా అయితే వచ్చింది గాని కేసులెవరిస్తారు? ఇంగ్లీషు సొలిసిటర్లు ఇంగ్లీషు బారిస్టర్లకే కాగితాలు పంపేవారు. భారతీయ కక్షిదారులు కూడా తెల్లవాడు వాదిస్తే జడ్జి వింటాడని నమ్మేవారు. తన జాతివాడినే నమ్మని జనం మధ్య వృత్తి మొదలుపెట్టడం ఎంత కష్టమో చెప్పలేం. ఇక్కడే సొలిసిటరైన ఖమరుద్దీన్ అండ విలువ తెలుస్తుంది. ఆ అన్నే లేకపోతే ఆ తొలి రోజులు ఆయనకు ఎంత పొడవుగా గడిచేవో ఊహించుకోవచ్చు. అయితే తెచ్చి ఇచ్చిన కేసు నిలబెట్టుకోవడం తన చేతిలో పని. అందులో బద్రుద్దీన్ ఎవరికీ తీసిపోలేదు. నెమ్మదైన మాట, సాక్షిని ప్రశ్నించడంలో నేర్పు ఆయనకు పేరు తెచ్చాయి. బొంబాయి వర్తకుల తగాదాలు ఎలా పుడతాయో తెలియాలంటే వర్తకుడి ఇంట్లో పుట్టడం కంటే మంచి శిక్షణ ఏముంది? ఉర్దూ, ఫార్సీ, గుజరాతీ ఇంట్లో విని పెరిగినవాడికి సాక్షి నోటి మాటకు దుబాసీ చెప్పే అర్థంతో పనిలేదు. ఇంగ్లీషు బారిస్టరుకు ఎన్ని పుస్తకాలున్నా ఈ రెండూ లేవు.

తక్కిన కథకు పోయే ముందు, మొదట చెప్పిన తల్లిదండ్రుల ప్రశ్నకు ఇప్పటి సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లాండులో సొలిసిటరు కావడానికి ఇప్పుడు కూడా లా డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు. ఏ విషయంలోనైనా డిగ్రీ, లేదా దానితో సమానమైన అర్హత చాలు. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ రెండు భాగాల కొత్త అర్హత పరీక్ష వచ్చింది. దానితోపాటు రెండేళ్ళ పని అనుభవం చూపాలి. పూర్వపు ఆర్టికల్స్‌కు ఇది మనవడి వంటిది. ఆ రెండేళ్ళూ ఒక్కచోటే చేయనక్కర్లేదు, నాలుగు చోట్ల దాకా కలుపుకోవచ్చు. పేదలకు ఉచితంగా న్యాయసలహా ఇచ్చే కేంద్రంలో చేసిన పని కూడా లెక్కకు వస్తుంది. లా చదవనివారు సాధారణంగా డిగ్రీ తర్వాత ఒక మార్పిడి కోర్సు చేస్తారు. పెద్ద కంపెనీలు శిక్షణ స్థానాలకు ఇంచుమించు రెండేళ్ళ ముందే దరఖాస్తులు తీసుకుంటాయి. సెలవుల్లో ఒకటి రెండు వారాలు ఆఫీసులో కూర్చోబెట్టి చూసే ఏర్పాటు కూడా ఉంది, చాలామందిని అక్కడి నుంచే ఎంచుకుంటారు. కాబట్టి డిగ్రీ చేతికి వచ్చాక చూద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. ఇంటర్వ్యూలో లా చదవనివారిని తప్పక అడిగేది, ఇంత ఆలస్యంగా ఇటు ఎందుకు వచ్చావని. చదివిన రసాయన శాస్త్రమో, లెక్కలో, ఇంటి వ్యాపారంలో కూర్చున్న అనుభవమో ఏ కక్షిదారుకు ఎలా పనికొస్తుందో చెప్పగలిగితే అదే జవాబు. సిగ్గుపడి దాచుకుంటే జవాబు లేనట్టే. మన రాష్ట్రాల్లోనైతే ఏ డిగ్రీ చదివినవారైనా లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్.ఎల్.బి.లో చేరవచ్చు. ఆ తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు, అఖిల భారత బార్ పరీక్ష. అప్పుడు కూడా మంచి సీనియరు ఆఫీసులో చోటు దొరకడమే అసలు మెట్టు. ఆ మెట్టు 1867 నాటి కంటే ఇప్పుడు తేలికైందని మేము అనలేం.

మళ్ళీ బద్రుద్దీన్ దగ్గరికి వద్దాం. వృత్తి కుదుటపడ్డాక ఆయన చూపు ఇంటి బయటికి మళ్ళింది. తనకు సొలిసిటరు అన్న ఉన్నాడు, డబ్బున్న తండ్రి ఉన్నాడు. లేనివారి పిల్లల మాటేమిటి? 1874లో అన్నదమ్ములిద్దరూ నఖుదా ముహమ్మద్ అలీ రోగే వంటి మిత్రులతో కలిసి బొంబాయిలో అంజుమన్-ఎ-ఇస్లాం స్థాపించారు. ఖమరుద్దీన్ తొలి అధ్యక్షుడు, బద్రుద్దీన్ కార్యదర్శి. కేసుల సంపాదన మీదున్న మనిషి కార్యదర్శి పని నెత్తిన వేసుకోవడం అంటే ఏమిటో కమిటీల్లో పనిచేసినవారికి తెలుస్తుంది. చందాలు అడగాలి, ప్రభుత్వానికి అర్జీలు రాయాలి, తమవాళ్ళ అనుమానాలు తీర్చాలి. 1880లో అంజుమన్ తన బడి తెరిచింది. ముస్లిం పిల్లవాడు తన ఉర్దూ, తన దీన్ విడిచిపెట్టకుండా ఇంగ్లీషు చదువు చదివే చోటు అది. బోరీబందర్ రైల్వే స్టేషన్‌కు ఎదురుగా నేటికీ కనిపించే దాని భవనానికి 1890లో పునాది వేసి 1893లో తెరిచారు. 1890 నుంచి కన్నుమూసేవరకు బద్రుద్దీనే అంజుమన్ అధ్యక్షుడు.

1873లో బొంబాయి కార్పొరేషన్‌లో, 1882లో ప్రెసిడెన్సీ శాసనమండలిలో సభ్యుడయ్యారు. ఆరోగ్యం సహకరించక 1886లో మండలి వదులుకున్నారు. ఈ మధ్యలో 1883లో ఇల్బర్టు బిల్లు గొడవ వచ్చింది. తెల్లవారి మీద నేరారోపణలను భారతీయ మెజిస్ట్రేట్లు విచారించవచ్చా అన్నదే తగాదా. కోర్టులో నిలబడి సాటి తెల్ల బారిస్టర్లతో సమానంగా వాదిస్తున్న మనిషికి ఈ ప్రశ్న ఎంత గుచ్చుకుని ఉండాలి! బొంబాయి టౌన్ హాలు సభలో ఫిరోజ్‌షా మెహతా, కె.టి. తెలంగ్‌లతో కలిసి ఆయన మాట్లాడారు. ఒక పార్సీ, ఒక హిందువు, ఒక ముస్లిం. ముగ్గురూ న్యాయవాదులే. 1885లో ఈ ముగ్గురే ముందు నిలిచి బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్ స్థాపించారు.

1887 డిసెంబరు చివర మద్రాసులో కాంగ్రెసు మూడవ మహాసభ జరిగింది. 607 మంది ప్రతినిధులు వచ్చారు. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి తెలుగువారికి ఇది సొంత ఇంటి సభ వంటిది. అధ్యక్షస్థానంలో బద్రుద్దీన్ ఉన్నారు. ముస్లింలు తమ ప్రత్యేక అవసరాలు వదులుకోనక్కర్లేదు, అయితే దేశమంతటికీ సంబంధించిన విషయాల్లో తక్కినవారితో కలిసి నడవడానికి అడ్డేమీ లేదు అన్నది ఆయన ప్రసంగ సారం. అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు ఇది నచ్చలేదు. తర్వాతి ఏడాది ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ముస్లింల చదువు కోసం ప్రాణం పెట్టినవారే, దారి దగ్గర విడిపోయారు. వకీలు బుద్ధితో బద్రుద్దీన్ ఒక నియమం చేయించారు. హిందూ ప్రతినిధులు గాని, ముస్లిం ప్రతినిధులు గాని ఒక వర్గంగా దాదాపు ఏకగ్రీవంగా వద్దన్న అంశాన్ని కాంగ్రెసు చర్చకు తీసుకోరాదని 1888 అలహాబాదు సభలో తీర్మానమైంది. అదే ఏడాది, ముస్లింలలో వ్యతిరేకత ముదురుతున్నది చూసి, కాంగ్రెసు సభలను ఐదేళ్ళు ఆపుదామని హ్యూమ్‌కు సూచించింది కూడా ఆయనే. ఆ సూచన నెగ్గలేదు. దీన్ని చాలామంది జీవితచరిత్రల్లో దాటేస్తారు. మాకైతే, చేతిలో ఉన్న కేసు బలహీనతను కూడా చూడగలిగిన వకీలు అందులో కనిపిస్తాడు.

1895లో బొంబాయి హైకోర్టు జడ్జి పదవి వచ్చింది. రెండేళ్ళకే ఒక గడ్డు రోజు వచ్చింది. 1897లో పూనా ప్లేగు అధికారి ర్యాండ్ హత్య తర్వాత, కేసరి పత్రిక రాతలకు గాను బాలగంగాధర తిలక్‌ను రాజద్రోహం కింద అరెస్టు చేశారు. మెజిస్ట్రేటు జామీను నిరాకరించారు. హైకోర్టులో మొదట విన్న జడ్జీలూ నిరాకరించారు. వారిలో తిలక్‌కు సాటి మహారాష్ట్రుడైన రానడే కూడా ఒకరు. ఆగస్టులో దరఖాస్తు మళ్ళీ జస్టిస్ తయ్యబ్జీ ముందుకు వచ్చింది. పాలకులు కళ్ళెర్రజేసి ఉన్న సమయం. విచారణ పూర్తికాని మనిషి తన రక్షణకు ఏర్పాటు చేసుకునే వీలుండాలన్న న్యాయసూత్రాన్ని పట్టుకుని ఆయన జామీను ఇచ్చారు. తర్వాత వేరే జడ్జి ముందు విచారణ జరిగి తిలక్‌కు 18 నెలల శిక్ష పడింది. ఆ రోజు తిలక్ తరఫున జామీను అడిగిన బారిస్టరు దిన్షా దావర్. 1908లో జడ్జిగా కూర్చుని అదే తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేసినది కూడా ఆ దావరే. చరిత్రలో ఇటువంటి మలుపులు ఏ కథకుడూ కల్పించలేడు.

1902లో ఆయన బొంబాయి హైకోర్టుకు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్నారు. ఆ పీఠం మీద తొలి భారతీయుడు ఆయనే. మరుసటి ఏడాది బొంబాయిలో జరిగిన ముహమ్మడన్ ఎడ్యుకేషనల్ కాన్ఫరెన్సుకు అధ్యక్షత వహించారు. ఆ సంస్థ సర్ సయ్యద్ స్థాపించినది. సర్ సయ్యద్ 1898లోనే పరమపదించారు. ఒకప్పుడు కాదన్న మనిషినే అలీగఢ్‌వారు చదువు విషయానికి వచ్చేసరికి అధ్యక్షుడిగా కూర్చోబెట్టుకున్నారు.

ఇంటి విషయంలో ఆయన వెనుకాడని మనిషి. భార్య రాహతున్నఫ్స్. వారికి పద్దెనిమిది మంది సంతానం. కుమార్తెలందరినీ బొంబాయిలో బడికి పంపారు. 1904లో ఇద్దరు కుమార్తెలను ఇంగ్లాండులోని హేజిల్‌మియర్ అనే ఊరి వసతి పాఠశాలకు పంపారు. మగపిల్లల్ని పంపినందుకు తండ్రి తయ్యబ్ అలీ విన్న మాటలకు రెట్టింపు ఈయన విని ఉంటారు. ఆ వంశపు ఆడపడుచు అమీనా మన హైదరాబాద్ కోడలయ్యారు. నిజాం సంస్థానంలో తర్వాత ప్రధాని అయిన సర్ అక్బర్ హైదరీ భార్య ఆమె. 1908 మూసీ వరదల్లో బాధితులకు చేసిన సేవకు కైసరే హింద్ పతకం అందుకున్న లేడీ హైదరీ ఆమే.

1906లో సెలవు మీద లండన్‌లో ఉండగా ఆగస్టు 19న గుండెపోటుతో బద్రుద్దీన్ తయ్యబ్జీ కన్నుమూశారు. చూపు సరిగా లేని పదహారేళ్ళ కుర్రవాడిగా పరిచయ లేఖలతో దిగిన ఊరది. కుమారుడు ఫైజ్ తండ్రిలాగే న్యాయవాది, తర్వాత బొంబాయి హైకోర్టు జడ్జి అయ్యారు. ముస్లిం న్యాయశాస్త్రం మీద ఆయన 1913లో వెలువరించిన గ్రంథాన్ని తర్వాత ఎన్నో కోర్టులు ఆధారంగా తీసుకున్నాయి. ఫైజ్ కుమార్తె కమీలా ఆక్స్‌ఫర్డులో చదివి, లండన్‌లో పాతికేళ్ళ పాటు వకాలత్ చేశారు. ప్రివీ కౌన్సిల్ ముందు నిలబడి వాదించిన తొలి మహిళల్లో ఆమె ఒకరు.